పాత స్పోర్ట్స్ కారు: ఇంజిన్ కంటే ముందు గడప చూడండి

ప్రశ్న: మా పెదనాన్నగారు ఎంతో ఇష్టపడి నడిపిన 1969 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (గుడ్డ పైకప్పున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఆయన పోయాక నా చేతికి వచ్చింది. 22 ఏళ్లుగా అది షెడ్డులోంచి కదలలేదు. టైర్లలో గాలి లేదు, పైకప్పు గుడ్డ చీలికలు పేలికలైంది, ఎయిర్ ఫిల్టర్ల దగ్గర ఎలుకలు గూడు పెట్టుకున్నాయి, ఇంజిన్ ఇసుమంతైనా తిరగడం లేదు. కొంటానని వచ్చిన ఒకాయన "ఇంజిన్ జామైంది కనుక తుక్కు ధరకే ఇవ్వాలి" అంటున్నారు. మా బావగారేమో "బాగు చేయించు, విలువ నాలుగింతలవుతుంది" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? దీని విలువ ఎలా కట్టాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇద్దరి మాటా నమ్మవద్దు. జామైన ఇంజిన్‌ను చూపి బేరం తగ్గించడం కొనేవారికి అలవాటే. అమ్మేవారిని బెదరగొట్టడానికి అంతకంటే సులువైన సాకు లేదు. నిజానికి మీ కారులోని 1,798 సీసీ ఇంజిన్ పోత ఇనుముతో చేసిన సాదాసీదా యంత్రం. దాన్ని విప్పడం, బోరు చేయించడం (అంటే సిలిండర్లను లోపల తొలిచి సరిచేయడం), కొత్త పిస్టన్లు వేయడం అనుభవమున్న ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనులే, విడిభాగాలూ దొరుకుతాయి. ఈ కారు విలువను నిర్ణయించేది ఇంజిన్ కాదు, రేకు.

ఎంజీబీకి విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. పైగా మీది రోడ్‌స్టర్ కనుక బరువును పంచుకోవడానికి పైకప్పు కూడా లేదు. ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కలిపి నిలబెట్టేవి ప్రధానంగా తలుపుల కింద గడపల్లా సాగే రెండు ఉక్కు పెట్టెలు. వీటినే సిల్స్ అంటారు. ఒక్కొక్క సిల్‌లో బయటి రేకు, లోపలి రేకు, ఆ రెండింటి మధ్య మరొక రేకు ఉంటాయి. ముందు చక్రం ఎగజిమ్మిన మట్టి, చక్రాన్ని కప్పే రెక్క వెనుక చేరి, తడి పట్టి, సిల్‌ను లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది. అందువల్ల బయట రంగు మీద శనగగింజంత బుడగ కనిపించేసరికి లోపలి రేకు అట్టముక్కలా మారి ఉంటుంది.

పరీక్షకు అరపూట చాలు. ముందు టైర్లలో గాలి కొట్టించి, కారును చదునైన నేల మీద నిలిపి, తలుపులు మూయండి. తలుపు వెనుక అంచుకూ వెనుక రెక్కకూ మధ్య ఉన్న సందును పైన ఒకసారి, కింద ఒకసారి కొలిచి రాసుకోండి. తరువాత మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, సిల్ మధ్యనున్న జాకీ స్థానం వద్ద కారును నెమ్మదిగా ఎత్తి, అదే సందును మళ్లీ కొలవండి. అంతవరకూ తేలిగ్గా తెరుచుకున్న తలుపు ఇప్పుడు పట్టేస్తున్నా, సందు కంటికి తెలిసేంతగా మారినా, ఆ సిల్‌లో బలం పోయినట్టే. జాకీ పెట్టిన చోటే రేకు కరకరమంటూ లోపలికి కుంగిపోతే ఇక కొలతలతో పని లేదు. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ కారు కిందికి ఎవరూ తల కూడా పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆపైన పలుచని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి చక్రాల పై వంపుల మీద, రెక్కల కింది అంచుల మీద జరుపుతూ చూడండి. రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది, పుట్టీ దట్టంగా మెత్తినచోట జారి చేతిలోకి వస్తుంది. సీట్ల వెనుక కార్పెట్ ఎత్తితే ఒక మూత కనిపిస్తుంది. దాని కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలుండే అరలు ఉంటాయి, ఏళ్ల తరబడి ఆమ్లం చిందే ఆ చోటును చాలామంది చూడటమే మరచిపోతారు. అక్కడా, నేలరేకు అంచుల వెంటా, వెనుక స్ప్రింగుల కొక్కేల వద్దా స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. అది మీ కారే కనుక మొహమాటపడనవసరం లేదు.

ఇప్పుడు విలువ సంగతి. ఇలాంటి ఏడాది, ఇలాంటి రకం కారు పూర్తిగా బాగుపడిన స్థితిలో నిజంగా ఎంతకు అమ్ముడైందో తెలుసుకోండి. ప్రకటనలో అడిగిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు, మనకు కావలసింది రెండోది. అందులోంచి బాగు చేయడానికయ్యే ఖర్చును తీసివేయాలి. ఆ ఖర్చును రేకుపని, రంగు, ఇంజిన్, బ్రేకులు, లోపలి కుట్టుపని, పైకప్పు అంటూ విడివిడిగా అడిగి రాయించుకుని, వచ్చిన మొత్తానికి కనీసం మూడో వంతు కలుపుకోండి. ఏళ్ల తరబడి మూలనపడిన కారు తన జబ్బులన్నీ మొదటిరోజే బయటపెట్టదు. తీసివేత తరువాత మిగిలినదే ప్రస్తుత స్థితిలో కారు విలువ.

ఈ లెక్కలో మీ బావగారి మాట కూడా నిలవదు. 1962 నుంచి 1980 వరకు ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, కనుక ఇది అరుదైన కారేమీ కాదు. పనంతా కూలికి చేయిస్తే, పూర్తయిన కారు పలికే ధర కంటే పెట్టిన ఖర్చే ఎక్కువ కావడం ఈ రకంలో మామూలే. తన చేతులతో చేసుకునేవారికీ, పెదనాన్నగారి కారు మళ్లీ రోడ్డెక్కాలని మనసుపడేవారికీ ఆ లెక్క వేరుగా ఉంటుంది, అది తప్పు కూడా కాదు. లాభం కోసమే అయితే మాత్రం ఈ పనికి దిగవద్దని నా సలహా.

మీ పక్షాన ఉన్న అంశాలూ కొన్ని ఉన్నాయి. 1974 చివరలో ఈ కారుకు క్రోమ్ బంపర్లు పోయి, నల్లని పెద్ద బంపర్లు వచ్చి, కారు ఎత్తు కూడా పెరిగింది. అందుకే అంతకుముందు తయారైన మీలాంటి కార్లకు గిరాకీ ఎక్కువ. బానెట్ కింది ఛాసిస్ నంబరు జీహెచ్ఎన్4 అని మొదలైతే అది ఆ కాలపు మార్క్ 2 (రెండో రూపం) రోడ్‌స్టరే. ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తుంది. మొదటి రంగు ఏదో, కారు ఎప్పుడు తయారైందో అందులో తెలుస్తుంది. ఇక వస్తువులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. మీటర్లు, పైకప్పు చట్రం, దీపాల చుట్టూ ఉండే రింగులు, క్రోమ్ పట్టీలు ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే, అన్నీ పోయి ఉంటే కొనేటప్పటికి గుండె గుభేలుమంటుంది.

ఇంకొక కొలబద్ద కూడా ఉంది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే ఎంజీబీకి సరికొత్త బాడీషెల్ (ఖాళీ రేకు బాడీ) తయారుచేస్తోంది. మీ పాత రేకును బాగుచేయడానికి చెప్పిన అంచనా ఆ కొత్త షెల్ ధరను దాటితే, అతుకుల పని ఆపేసి ఆలోచించవలసిందే. అయితే షెల్ మార్చితే కారు పాత గుర్తింపు నిలుస్తుందా లేదా అన్నది మీ రిజిస్ట్రేషన్ నిబంధనలను బట్టి ఉంటుంది కనుక, ఆ సంగతి ముందే తేల్చుకోండి.

పని మొదలుపెడితే, ఉత్సాహంతో ఒక్క వారంలో అంతా విప్పేయవద్దు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా మొదటి కారును నాలుగు రోజుల్లో విప్పి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి, ఏది ఎక్కడిదో తెలియక నెలల తరబడి తల పట్టుకున్నాను. అంతటితో ఆగక, తలుపుల సందులో అడ్డుకడ్డీలు వెల్డ్ చేయకుండానే సిల్ కోశాను. కొత్త సిల్ చక్కగా అతికింది కానీ తలుపు మాత్రం మూతపడలేదు, బాడీ అప్పటికే వేలెడంత కుంగింది. మీరు తలుపు ఖాళీలో ఐమూలగా ఉక్కు కడ్డీలు బిగించి, బరువు సమంగా ఆనేటట్లు బాడీని నిలిపి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయించండి. పూర్తి వెల్డింగ్‌కు ముందు ప్రతిసారీ తలుపు తగిలించి సందు చూడమని పనివాడిని అడగండి. విసుక్కుంటాడు, అయినా అడగండి.

ఇంజిన్ విషయంలో ఓపికే మందు. స్టార్టర్‌తో గానీ, మరో బండితో లాగి గానీ తిప్పే ప్రయత్నం చేయవద్దు. బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, అతుక్కున్న పిస్టన్ రింగులు అలాగే విరుగుతాయి. ఎలుకల గూడు తీసి శుభ్రం చేసి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ప్రతి సిలిండర్‌లో రెండు మూడు చెంచాల తుప్పు వదిలించే నూనె పోసి వారం రోజులు వదిలేయండి. ఆ తరువాత గేరు తప్పించి, క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి స్పానర్ వేసి అటూ ఇటూ మెల్లగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆపి మళ్లీ నూనె పోయండి. ఇంజిన్ వదిలాక కూడా గేరు పడకపోతే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుని ఉండవచ్చు, అది వేరే జబ్బు. బ్రేకుల్లో పాత రబ్బరు భాగాలు, గొట్టాలు, ఆయిల్ అన్నీ మార్చాలి. టైర్లు గాలి నిలిపినా, కొత్తవాటిలా కనిపించినా తీసేయవలసిందే.

ప్రస్తుతానికి మీరు తుక్కు ధరకు అమ్మనూ వద్దు, బాగుచేయడానికి పంపనూ వద్దు. సిల్స్ గట్టిగా ఉంటే ఆ పరీక్ష ఫలితాలు, ఫోటోలు చూపించి బేరానికి కూర్చోండి. అప్పుడు ఆ కొనేవారి గొంతు మారుతుంది.

ప్రశ్న: నా దగ్గర 1963 నాటి ట్రయంఫ్ టీఆర్4 ఉంది. 8 ఏళ్లుగా నడపలేదు గానీ ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేయవచ్చా?

జవాబు: బ్యాటరీ తీగలు తగిలించేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ కాలపు అనేక బ్రిటిష్ కార్లలో, మీ కారుతో సహా, బాడీకి కలిపేది పాజిటివ్ తీగను, ఇప్పటి కార్ల పద్ధతికి ఇది తలకిందులు. మధ్యలో ఎవరైనా దాన్ని మార్చి ఉండవచ్చు కూడా, కనుక తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించి గానీ కలపకండి. ట్యాంకులోని పాత పెట్రోలును పూర్తిగా తీసేయండి. అది జిగురుగా మారి కార్బురేటర్ రంధ్రాలను మూసేస్తుంది. మొదటిసారి చిన్న డబ్బాలోంచి కొత్త పెట్రోలు అందించడం మేలు. ఇంజిన్ ఆయిల్ మార్చి, ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ మీటరులో ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో ఉత్తినే తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించండి. మీ కారుకు విడిగా ఛాసిస్ ఉంది కనుక పై ప్రశ్నలో రాసిన సిల్ భయం అంతగా లేదు. అలాగని తుప్పు ఛాసిస్‌ను వదిలిపెట్టదు, సస్పెన్షన్ బిగించే చోట్లను మాత్రం కింద పడుకుని చూడవలసిందే.

ప్రశ్న: 1973 నాటి నా పోర్షా 911కు మొదటి రంగే ఉంది, కానీ బాగా వెలిసిపోయింది. అమ్మేముందు కొత్త రంగు వేయిస్తే ఎక్కువ ధర వస్తుందా?

జవాబు: వేయించకండి. పోర్షా 911 బాడీ అంతటికీ జింకు పూత వేయడం 1970ల మధ్యలో గానీ మొదలుకాలేదు కనుక, మీ కారును కొనేవారు ముందుగా వెతికేది తుప్పునే. పాత రంగు ఉంటే వారికి రేకు నిజస్థితి కనిపిస్తుంది. మెరిసే కొత్త రంగును చూస్తే దాని కింద ఏం దాచారోనన్న అనుమానమే ముందు వస్తుంది. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ బయాన్ కుటుంబపు కార్లు 59 వేలం వేసినప్పుడు, దశాబ్దాల దుమ్ముతో, తుప్పుతో ఉన్నవాటిని ఉన్నట్టుగానే వేదిక మీదికి తెచ్చింది. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పాత పత్రికల కట్టల కింద దొరికిన కారు. మీ కారుకు మెత్తని గుడ్డతో నీటి కడుగుడు చాలు. పాలిష్ యంత్రం కూడా పెట్టించవద్దు, వెలిసిన రంగు అప్పటికే పలుచబడి ఉంటుంది, అంచుల దగ్గర ఇట్టే రేకు తేలుతుంది. ఇంజిన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు, పాత సర్వీసు కాగితాలు ఒక్కచోట చేర్చి పెట్టుకోండి, మొదట అడిగేవి అవే.