‘హై’ అంటే ఒప్పుకున్నట్టేనా?

వేరే దేశాల క్లయింట్లతో, సహోద్యోగులతో పనిచేసే పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా క్లయింటు ఒక జపాన్ కంపెనీ. వీడియో మీటింగులో మేం చెప్పే ప్రతి మాటకీ తలూపుతూ ‘హై, హై’ (జపనీస్‌లో ‘అవును’) అంటారు. డిజైన్ ఖాయమైందనుకుని పని మొదలుపెడతాం. రెండు వారాలకు ‘ఇంకా పరిశీలిస్తున్నాం’ అని మెయిల్ వస్తుంది. వాళ్లు మాట తప్పుతున్నారా, మేమే పొరబడుతున్నామా?

జవాబు: మాట తప్పడం లేదు, అసలు మాటే ఇవ్వలేదు. వింటున్నవాళ్లు మధ్యమధ్య అనే ఆ ‘హై’ని జపనీస్‌లో ‘ఐజుచి’ అంటారు. మనం ఊఁ కొట్టడం లాంటిదే. కథకు ఊఁ కొట్టినంత మాత్రాన కథలో చెప్పిందంతా ఒప్పుకున్నట్టు కాదు కదా.

దీని వెనకున్న సిద్ధాంతం అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో వివరంగా చెప్పింది. కొన్నిచోట్ల అర్థం చాలావరకు మాటల్లోనే ఉంటుంది. దాన్ని ఆయన ‘లో కాంటెక్స్ట్’ అన్నాడు. మరికొన్నిచోట్ల సందర్భం, ఎదుటివారి హోదా, చెప్పకుండా వదిలేసిన మాట, ఇవన్నీ కలిస్తే గాని అర్థం పూర్తికాదు. అది ‘హై కాంటెక్స్ట్’ (ఈ ‘హై’ ఇంగ్లిష్ మాట). జర్మన్లను మొదటి కొసన, జపాన్‌ను రెండో కొసన పెట్టాడు. అందుకే జపాన్ వ్యాపార సంభాషణలో సూటిగా ‘కాదు’ అనడం అరుదు. ‘కెంతో షిమాసు’ (పరిశీలిస్తాం), ‘ముజుకషీ’ (కష్టం) అన్నారంటే చాలాసార్లు తలుపు మూసుకుంటున్నట్టే. అడిగినదానికి ‘చూద్దాం లెండి’ అనే జవాబు వస్తే మనకెలా అర్థమవుతుందో ఇదీ అంతే.

ఇంకో సంగతి. అక్కడ చాలా సంస్థల్లో నిర్ణయం మీటింగులో పుట్టదు. ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పిస్తారు. ‘నెమవాషి’ అంటారు దాన్ని. చెట్టును వేరేచోట నాటబోయే ముందు వేళ్ల చుట్టూ మట్టి తవ్వి సిద్ధం చేయడమని మాటకు మూలార్థం. తర్వాత ఒక పత్రం చేతులు మారుతూ అందరి ముద్రలూ వేయించుకుంటుంది, అది ‘రింగి’. అంటే మీరు మీటింగులో అడుగుతున్న నిర్ణయం ఆ గదిలో ఉన్నవాళ్ల చేతిలో లేకపోవచ్చు.

కాబట్టి మీటింగుకు 4, 5 పనిదినాల ముందే ఒక్క పేజీ పత్రం పంపండి. తేల్చాల్సిన అంశాలకు నంబర్లు వేయండి. రోజూ మీతో మాట్లాడే వ్యక్తిని విడిగా అడగండి: దీన్ని ఇంకెవరెవరు చూడాలి, వాళ్లకు మా నుంచి ఏ వివరం కావాలి అని. మీటింగులో ‘ఓకేనా?’ అనే ప్రశ్న పూర్తిగా మానేయండి. దానికి ‘హై’ తప్ప వేరే జవాబు రాదు. ‘ఏ, బి డిజైన్లలో మీ వాడకందార్లకు ఏది ఇబ్బంది?’ అని అడిగితే ‘హై’తో సరిపెట్టడం కుదరదు. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: అవతలివాళ్లు ఆలోచిస్తూ మౌనంగా ఉంటే, అది అసంతృప్తి అనుకుని మనవాళ్లు తమంతట తామే ధర తగ్గించేస్తారు.

మీటింగయిన 24 గంటల్లో మూడు శీర్షికలతో మెయిల్ వెళ్లాలి: ఖాయమైనవి, ఖాయం కానివి, మీ వైపు నుంచి రావాల్సినవి. మొదటి శీర్షిక కింద ఉన్నవాటికి రాతపూర్వకంగా ‘అవును’ వచ్చేదాకా పని గంటలు లెక్క మొదలుపెట్టకండి.

ఒక హెచ్చరిక. సిద్ధాంతం చదివిన ఉత్సాహంలో కొందరు తామూ నర్మగర్భంగా మాట్లాడటం మొదలుపెడతారు. ఇద్దరికీ సొంతం కాని ఇంగ్లిష్‌లో ఇద్దరూ సూచనలతో మాట్లాడుకుంటే మిగిలేది గందరగోళమే. మర్యాదలో వాళ్ల దారి పట్టండి, రాతలో మాత్రం సూటిగానే ఉండండి.

ప్రశ్న: దేశాలవారీగా హాఫ్‌స్టెడ్ స్కోర్లు ఉంటాయట కదా. ఐదు దేశాల వాళ్లున్న టీమ్‌కు నేను మేనేజర్ని. కొందరు జూనియర్లు సమస్యను చివరి నిమిషం దాకా చెప్పరు. ఆ స్కోర్లు చూసి ఎవరు చెప్తారో, ఎవరు చెప్పరో ముందే అంచనా వేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ స్కోర్లు ఎక్కడివో తెలిస్తే మీకే అర్థమవుతుంది. డచ్ సామాజిక మనస్తత్వవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులను విశ్లేషించి 1980లో ఫలితాలు ప్రచురించాడు. ‘పవర్ డిస్టెన్స్’ అనే కొలత, అంటే పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్నది, ఆస్ట్రియాకు 11, మలేసియాకు 104 వచ్చింది. ఇవి దేశాల సగటులు. ఒకే కంపెనీ ఉద్యోగులవి, అదీ అర్ధ శతాబ్దం నాటివి. దేశం సగటును తెచ్చి ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అంటించడం గణాంకశాస్త్రంలో పేరున్న తప్పు. హాఫ్‌స్టెడ్ కూడా అలా వాడొద్దనే చెప్పాడు.

స్కోరు ఒక్కదానికి పనికొస్తుంది: ఏ ప్రశ్న అడగాలో గుర్తుచేయడానికి. ‘ఈ టీమ్‌లో పైవాడికి చెడువార్త చెప్పడం కష్టంగా ఉందా?’ అన్నది మంచి ప్రశ్నే. దానికి జవాబు మాత్రం పట్టికలో దొరకదు, మీ పనితీరులో వెతకాలి.

ఈ తేడాను విమాన ప్రమాదమొకటి బాగా చూపిస్తుంది. 1990 జనవరి 25న కొలంబియాకు చెందిన ఏవియాంకా సంస్థ 52వ నంబరు విమానం న్యూయార్క్‌కు వెళ్తూ, దిగే వంతు కోసం దారిలో గంటకు పైగా గాలిలో తిరిగి, చివరికి ఇంధనం అయిపోయి న్యూయార్క్ దగ్గర కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మొదటిసారి దిగే ప్రయత్నం విఫలమయ్యాక, ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ అన్నాడు. కోపైలట్ కంట్రోలర్‌తో చెప్పింది ‘ఇంధనం అయిపోతోంది’ అని మాత్రమే, అదీ వేరే మాటల చివర కలిపి. ‘ఎమర్జెన్సీ’ అనే మాట కంట్రోలర్ చెవిన పడనే లేదు. దీన్ని సంస్కృతి ఉదాహరణగా చాలామంది చెప్పుకుంటారు. అమెరికా దర్యాప్తు సంస్థ మాత్రం సిబ్బంది పొరపాట్లతోపాటు మరో కారణాన్నీ వేలెత్తి చూపింది: ఇంధనం కనీస స్థాయికి చేరిందనడానికీ, అత్యవసరం అనడానికీ పైలట్లకూ కంట్రోలర్లకూ ఒకేలా అర్థమయ్యే ప్రామాణిక పదజాలం లేకపోవడం.

మీ టీమ్‌కూ ఇదే మందు. స్వభావాలు మార్చబోకండి, మాటలకు కొలతలు పెట్టండి. వారం నివేదికలో పచ్చ, పసుపు, ఎరుపు అని ఉంటే చాలదు; ‘5 పనిదినాలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఎరుపు, 2 నుంచి 5 అయితే పసుపు’ అని రాసిపెట్టండి. అప్పుడు ఎరుపు పెట్టడం ధైర్యం చూపించడం కాదు, లెక్క వేయడం. ‘ఏమైనా సమస్యలున్నాయా?’ అని అడక్కండి. ‘ఈ పని ఆలస్యమైతే దేనివల్ల అవుతుంది? ఒక్కొక్కరూ రెండేసి కారణాలు రాయండి’ అని 5 నిమిషాలిచ్చి, పేర్లు లేకుండా తీసుకోండి. చర్చలో మీ అభిప్రాయం చివర చెప్పండి. మీరు ముందు చెప్తే తర్వాత వినేది మీ మాటే, వేరే గొంతుల్లో. మొదటిసారి ఎరుపు పెట్టినవాళ్లను అందరి ముందూ నిలదీశారో, ఈ ఏర్పాటంతా ఆ రోజుతో ముగిసినట్టే.

ప్రశ్న: జర్మన్ క్లయింటు రివ్యూలో నేరుగా ‘ఇది తప్పు’ అంటాడు. అమెరికన్ క్లయింటు అంతా ‘గ్రేట్’ అంటూనే పని వెనక్కి పంపుతాడు. ఇద్దరూ సూటిగా మాట్లాడేవాళ్లేనని చదివామే?

జవాబు: విషయం చెప్పడంలో సూటిదనం వేరు, తప్పు ఎత్తి చూపడంలో సూటిదనం వేరు. ‘ది కల్చర్ మ్యాప్’ రచయిత్రి ఎరిన్ మేయర్ 2014లో ఈ రెండింటినీ వేర్వేరు కొలబద్దలుగా పెట్టింది. అమెరికన్లు మొదటిదాంట్లో బాగా సూటి. రెండోదాంట్లో పొగడ్తల మధ్య చుట్టి ఇస్తారు. జర్మన్ ‘ఇది తప్పు’ అన్నది పనిని, మిమ్మల్ని కాదు. అమెరికన్ మెయిల్‌లో పొగడ్తలు పక్కనపెట్టి ‘కానీ’ తర్వాత వచ్చిన వాక్యం చదవండి. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: ‘ఏయే మార్పులు లేకుండా మీరు దీన్ని తీసుకోరు?’

ప్రశ్న: ఒప్పందంలో తేదీల దగ్గర పేచీ వచ్చింది. ముందుగా ఏమేం చూసుకోవాలి?

జవాబు: 03/04 అని రాస్తే అమెరికన్‌కు మార్చి 4, మనకూ, యూరప్‌లో చాలా దేశాలకూ ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి, లేదా ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో 2026-04-03 అనండి. జర్మనీలో 1.250 అంటే ఒకటింపావు కాదు, పన్నెండు వందల యాభై; దశాంశానికి వాళ్లు కామా వాడతారు. జర్మన్‌లో ‘బిలియన్’ అంటే లక్ష కోట్లు, ఇంగ్లిష్ బిలియన్‌కు వాళ్ల మాట ‘మిలియార్డె’. పెద్ద మొత్తాలను అంకెల్లో సున్నాలన్నీ వేసి రాయండి.

వారం వారం మీటింగులకు ఇంకో ఉచ్చు ఉంది. అమెరికాలో గడియారాలు ముందుకు జరిపేది మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు. ఆహ్వానంలో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) కూడా రాయండి.

ప్రశ్న: మొదటిసారి దుబాసీని పెట్టుకుని బేరసారాలకు కూర్చుంటున్నాం. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీరు ఆగాక దుబాసీ చెప్పే పద్ధతయితే సమయం రెట్టింపు పడుతుంది, గంట విషయానికి రెండు గంటలు వేసుకోండి. మాటతోపాటే అనువదించే పద్ధతయితే ఇద్దరు కావాలి, 20–30 నిమిషాలకోసారి మారుతుంటారు. మీ రంగంలోని 20, 30 పదాల పట్టికను రెండు రోజుల ముందే ఇవ్వండి. రెండు మూడు వాక్యాలకోసారి ఆగండి, సామెతలు వద్దు. చూడాల్సింది అవతలి మనిషి ముఖంలోకి, దుబాసీ వైపు కాదు. ధర, పరిమాణం, గడువు చెప్పేటప్పుడు అంకెను కాగితం మీద రాసి బల్లమీద ముందుకు జరపండి, ఆ తర్వాతే నోటితో చెప్పండి.