టెలిఫోన్ తీగలో మన గొంతు ఎలా వెళ్తుంది?

టెలిఫోన్ ఎలా పుట్టింది, మన గొంతు అంత దూరం ఎలా చేరుతుంది అని అడిగారు. ముందు ఒక అపోహ తీసేద్దాం: తీగలో వెళ్లేది శబ్దం కాదు, కరెంటు.

పాత ఫోన్ రిసీవర్ విప్పి చూస్తే నోటి దగ్గర పల్చటి రేకు, దాని వెనక చిన్న డబ్బీలో నల్లటి కార్బన్ రవ్వలు కనిపిస్తాయి. మాట్లాడితే గాలి తాకిడికి రేకు వణుకుతుంది. అది లోపలికి నొక్కుకుంటే రవ్వలు దగ్గరై కరెంటు ఎక్కువ పారుతుంది, వెనక్కి వస్తే తగ్గుతుంది. అలా గొంతులోని ప్రతి హెచ్చుతగ్గూ కరెంటులోకి దిగుతుంది. అవతలి చెవి దగ్గర ఇదే తలకిందులుగా జరుగుతుంది: ఆ కరెంటుతో విద్యుదయస్కాంతం బలం మారుతూ, ఎదురుగా ఉన్న ఇనుప రేకును అదే లయలో లాగి వదులుతుంది. రేకు గాలిని కదిలిస్తుంది, మాట వినిపిస్తుంది. ఇంత తేలికైన ఏర్పాటు నాకైతే ఇప్పటికీ అద్భుతమే.

1876 ఫిబ్రవరి 14న అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఎలీషా గ్రే ఇద్దరి కాగితాలూ ఒకేరోజు అమెరికా పేటెంట్ ఆఫీసుకు చేరాయి. మార్చి 7న పేటెంట్ బెల్‌కు దక్కింది. మూడు రోజులకే, వేరే గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌కు ఆయన పిలుపు తీగ మీద స్పష్టంగా వినిపించింది. అప్పుడు వాడింది కార్బన్ కాదు, ఆమ్లం కలిపిన నీళ్లలో పైకీ కిందికీ కదిలే సన్నటి తీగ! రోజువారీ వాడకానికి నిలిచిన కార్బన్ ట్రాన్స్‌మిటర్ ఆ తర్వాత ఎడిసన్ తదితరుల కృషితో వచ్చింది.