ముందు నాలాల వెంట నడువు

అల్లుడూ,

మీ కాలనీ వాళ్లంతా కలిసి చెరువు బాగుచేసుకుందామని కూర్చున్నారని, నిన్నే ముందు నిలబెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఆదివారం చెరువులో పెరిగిన గుర్రపు డెక్క మొక్కలు తీస్తారట కదా, తీయండి, కానీ పని అక్కడ మొదలైందని మాత్రం అనుకోకు. మేము మా చెరువు దగ్గర చేసిన పొరపాటు అదే. నెలల తరబడి డెక్క తీయించాం, వాకింగ్ ట్రాక్ వేయించాం, లైట్లు పెట్టించాం, మళ్లీ వానాకాలం దాటేసరికి నీళ్లు కనపడకుండా పరుచుకుంది. దాని తిండి మురుగులో వచ్చే నత్రజని, భాస్వరం. ఆ తిండి అందుతున్నంతకాలం అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది, ఎంతమంది దిగినా దానితో పోటీ పడలేరు.

అందుకే ముందు నాలాల వెంట నడువు. ఎండాకాలంలో ఒకసారి, గట్టి వాన పడ్డప్పుడు ఇంకోసారి. ఎండల్లో నాలాలో పారేదంతా దాదాపు మురుగే, ఏ అపార్ట్‌మెంట్ పైపు ఎక్కడ కలిపారో అప్పుడు తేటగా కనిపిస్తుంది, ఫొటో తీసి మ్యాపు మీద గుర్తు పెట్టు. వానలో చూస్తే అసలు నీళ్లు ఎటునుంచి రావాలో, ఎక్కడ అడ్డం కట్టారో తెలుస్తుంది. హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టువి, పై చెరువు నిండి దాని అలుగు మీదుగా నీళ్లు పొర్లితేనే కిందిది నిండేది, కాబట్టి మీ ఒక్క చెరువునే చూసుకుంటే సరిపోదు, పైనున్న కాలనీ వాళ్లతోనూ మాట్లాడాలి.

హద్దుల విషయంలో నోటి మాటలు నమ్మకు. ఊరి నక్షా, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు, రెండూ దగ్గర పెట్టుకో. ఆ హద్దు బయట ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగాను బఫర్ అంటారు, పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు అది 30 మీటర్లు, చిన్నవాటికి 9. అంబర్‌పేట బతుకమ్మ కుంట చెత్తతో పూడిపోయి కుంటే లేదన్నంతగా అయ్యింది, 2025లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు ఊరాయి, కాబట్టి ఆశ వదలొద్దు. కానీ హద్దులో పేదల ఇళ్లు ఉంటే ఫిర్యాదు కంటే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చో. వాళ్లకు ఎవరో కాగితాలు చూపించి అమ్మి ఉంటారు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. మురుగంతా పక్కకు మళ్లించేస్తే వేసవికి చెరువు ఎండిపోతుంది, ఎందుకంటే మిగతా వాగు దారులు ఎప్పుడో మూసుకుపోయాయి. శుద్ధి చేసిన నీళ్లు రావాలని పట్టుబట్టు. బెంగళూరు జక్కూరు చెరువులో మురుగు శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) నుంచి వచ్చే నీటిని జమ్ము, తుంగ పెరిగిన మడుగులోంచి పోనిచ్చి తర్వాత చెరువులోకి వదులుతారు, వీలైతే నలుగురిని తీసుకెళ్లి చూపించు. ఒడ్డు చుట్టూ సిమెంటు గోడ కడతామంటే మాత్రం ఒప్పుకోకు, లోతు తక్కువ ఉన్న ఆ అంచులోనే కొంగలు తిరుగుతాయి, చేపలు గుడ్లు పెడతాయి.

మత్స్యకారుల సంఘం వాళ్లను మొదటి మీటింగుకే పిలువు, చివర్లో కాదు. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లారేసరికి బాగా పడిపోతుంది, చేపలు నోళ్లు తెరిచి పైకి తేలేది అప్పుడే, అది ముందుగా కనపడేది వాళ్లకే. వాళ్లలో ఒకరు ఫోన్ చేస్తే చాలు, ఆ రోజే నీళ్ల శాంపిల్ తీయొచ్చు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను వస్తున్నాను. నక్షా జిరాక్స్ తీయించి పెట్టు, పొద్దున ఆరింటికి అలుగు దగ్గర కలుద్దాం.

మీ మామయ్య