రాత్రిపూట ఆగిపోతున్న నిఘా సేవ

ప్రశ్న: మారతహళ్లిలో ముప్పై మంది పనిచేసే అకౌంట్స్ కార్యాలయంలో నెట్‌వర్క్ బాధ్యత నాది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ వేసి, ఇంటర్నెట్ వైపు వాన్ పోర్టు మీదా, ఆఫీసు వైపు లాన్ పోర్టు మీదా, ట్రాఫిక్‌లో దాడుల జాడలు పసిగట్టే సూరికాటా ప్రోగ్రామును నడుపుతున్నాను. ఆ జాడలను గుర్తించే రూల్స్ అప్‌డేట్ అర్ధరాత్రి దాటాక జరుగుతుంది. వారంలో రెండు మూడు రోజులు ఉదయం వచ్చి చూసేసరికి సేవ ఆగిపోయి ఉంటోంది. సూరికాటా లాగ్‌లో తప్పేమీ కనిపించదు. ఆగిన సేవను తిరిగి లేపే సర్వీస్ వాచ్‌డాగ్ పెట్టాక మళ్లీ తనంతట లేస్తోంది గానీ, ఒక్కోసారి ఆపేసినా అలర్టులు వస్తూనే ఉన్నాయి. ఇదే పని చేసే స్నార్ట్‌కు మారమంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మారవద్దు. 1998లో వచ్చిన స్నార్ట్ అయినా, 2010లో తొలి పూర్తిస్థాయి విడుదలకు నోచుకున్న సూరికాటా అయినా రూల్స్ అన్నింటినీ మెమరీలోకి ఎక్కించుకునే పని చేస్తాయి కాబట్టి, మీ ఇబ్బంది కొత్త పేరుతో మళ్లీ ఎదురవుతుంది.

సూరికాటా లాగ్‌లో ఏమీ లేకపోవడమే ఇక్కడ పెద్ద ఆధారం. తనంతట తాను తప్పు పసిగట్టి ఆగిన ప్రోగ్రాము కారణం రాసి ఆగుతుంది. మెమరీ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) చంపేసిన ప్రోగ్రాముకు మరణ వాంగ్మూలం ఇచ్చే వ్యవధి ఉండదు. అందువల్ల సిస్టమ్ లాగ్స్‌లోని జనరల్ పేజీ తెరిచి, ఆ రాత్రి అప్‌డేట్ సమయానికి అటూ ఇటూ చూడండి. సూరికాటా పేరు పక్కన ‘వాజ్ కిల్డ్: ఫెయిల్డ్ టు రీక్లెయిమ్ మెమరీ’ అనో, పాత వెర్షన్ అయితే ‘అవుట్ ఆఫ్ స్వాప్ స్పేస్’ అనో ఉంటే దోషి దొరికినట్టే.

పీఎఫ్‌సెన్స్‌లో ఒక్కో పోర్టుకు ఒక్కో సూరికాటా ప్రాసెస్ విడిగా నడుస్తుంది, దేని రూల్స్ దానివే. పైగా గ్లోబల్ సెట్టింగ్స్‌లో ‘లైవ్ రూల్ స్వాప్’ పెట్టి ఉంటే, అప్‌డేట్ వేళ కొత్త రూల్స్ సిద్ధమయ్యేదాకా పాతవీ మెమరీలోనే ఉంటాయి. పగలంతా ఎలాగో నెట్టుకొచ్చిన 4 జీబీ ఆ కాసేపటికి చాలదు.

మొట్టమొదట వాచ్‌డాగ్‌ను తీసేయండి. అది అప్‌డేట్ కోసం సేవ ఆగిందా, కూలిందా అన్న తేడా తెలియక మధ్యలో ఇంకొకటి లేపుతుంది; మీరు ఆపినా అలర్టులు ఆగకపోవడం ఆ రెండో ప్రతి పుణ్యమే. సేవను ఆపి, షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) ప్రాసెసుల జాబితా చూసి, ఇంకా మిగిలిన సూరికాటాలను చేత్తో ముగించి, వార్ రన్ డైరెక్టరీలో దాని ప్రాసెస్ నంబరు ఉండే పిడ్ ఫైలు మిగిలిపోతే చెరిపి, అప్పుడు మొదలుపెట్టండి.

తర్వాత వాన్ మీది సూరికాటాను మానేయండి. ఫైర్‌వాల్ ఎలాగూ తిరగ్గొట్టే చెత్త ట్రాఫిక్‌ను చూసి అది శ్రమపడుతుంది. లోపలి అడ్రసులన్నిటినీ ఒకే బయటి అడ్రసుగా మార్చే న్యాట్ కారణంగా మీ ముప్పై కంప్యూటర్లూ అక్కడ ఒకే అడ్రసుగా కనిపిస్తాయి గనుక తేడా ఎక్కడుందో తెలియదు. లాన్ మీద అయితే ఏ యంత్రమో నేరుగా తెలుస్తుంది. మీ దగ్గర లేని సర్వర్లకు సంబంధించిన రూల్ వర్గాలను తీసేసి, లైవ్ స్వాప్ ఆపితే, అప్‌డేట్ తర్వాత కొద్దిసేపు నిఘా ఆగి మళ్లీ మొదలవుతుంది. అర్ధరాత్రి అది పెద్ద నష్టం కాదు. వీలైతే కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి ర్యామ్‌ను 8 జీబీ చేయించండి. నా లెక్కలో మీ ఉదయపు తంటాల కన్నా అదే చౌక. టెంప్, వార్ డైరెక్టరీలను మెమరీనే డిస్క్‌లా వాడే ర్యామ్ డిస్క్‌లో పెట్టి ఉంటే అదీ తీసేయండి.

ఇవన్నీ చేశాక కూడా సేవ పడిపోతూ, ఆ పడిపోవడం రాత్రి కాక పగలు ట్రాఫిక్ ఎక్కువున్న వేళ జరిగితే, ట్రాఫిక్ సూరికాటా గుండానే సాగే ఇన్‌లైన్ మోడ్‌లో ఉన్నారేమో చూడండి. ఆ పద్ధతి, కార్డు నుంచి ప్యాకెట్లను నేరుగా అందించే నెట్‌మ్యాప్ మీద ఆధారపడుతుంది; చౌక నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు చాలావాటికి దానితో పొసగదు. ట్రాఫిక్ నకలును మాత్రమే చూసే లెగసీ మోడ్‌కు మార్చి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్కింగ్ పేజీలో ప్యాకెట్ల పనిని నెట్‌వర్క్ కార్డుకు అప్పగించే హార్డ్‌వేర్ చెక్‌సమ్, టీఎస్‌ఓ, ఎల్‌ఆర్‌ఓ ఆఫ్‌లోడింగ్‌లను ఆపి, ఫైర్‌వాల్‌ను రీబూట్ చేయండి.