విశాఖలో కెనూకి (సన్నటి చిన్న పడవకి) చెక్క తెడ్డు చేయించుకోవాలంటే ఏ చెక్క మంచిది?

టేకు. కానీ కలప డిపోలో పది టేకు పలకలు తిప్పి చూస్తే తెడ్డుకి పనికొచ్చేది ఒకటో రెండో ఉంటుంది. తెడ్లు విరిగేది మందం చాలక కాదు, నార అడ్డం తిరిగి. తలుపులు, కిటికీలు చేసే మేస్త్రులకి ఈ లెక్క అలవాటుండదు. ‘చేవ ఉంది కదండీ’ అని కోత మొదలెట్టేస్తారు. పలక మీరే ఎంచుకోండి.

5 అడుగుల 3 అంగుళాల పొడవు, 6½ అంగుళాల వెడల్పు, 1¼ అంగుళం మందం ఉన్న పలక కావాలి. దాని సన్నటి అంచు చూడండి. నార గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా సాగాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకి దిగిపోయి, ఆ చోటు తెడ్డు కర్రా, నీళ్లు తోసే రెక్కా కలిసే మెడలో పడిందా, రుషికొండ కెరటాల్లో గట్టిగా ఒక్క లాగు లాగితే అక్కడే విరుగుతుంది. చిన్న ముడి రెక్క మధ్యలో ఉంటే సర్దుకోవచ్చు, కర్రలో ఉంటే వద్దు. చేవ పట్టని తెల్ల చెక్క అసలే వద్దు.

సరుగుడు చవకే, కానీ చెయ్యి లాగేసేంత బరువు, పైగా ఎండితే పగులుతుంది. అరకు కాఫీ తోటల సిల్వర్ ఓక్ తేలిక, తడికి నిలవదు. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలకి బంగారమే గానీ, ఇంత పొడుగు, వెడల్పు పలక అందులో రాదు.

కొలత ఎవరికి వాళ్లు తీసుకోవాలి. కుర్చీలో నిటారుగా కూర్చుని, కూర్చున్న చోటు నుంచి ముక్కు దాకా కొలవండి. పిడితో కలిపి కర్ర పొడవు అది. దానికి 20 అంగుళాల రెక్క కలపండి. ఎవరో వాడే తెడ్డు తెచ్చి ‘ఇలాగే చెయ్యి’ అంటే భుజం నొప్పి కొనుక్కున్నట్టే.

కోతకి ముందు నాలుగు వైపులా, అంచుల మీద కూడా, నడి గీత గీయించండి. ఆ గీత చెరిగితే రెక్క ఒక పక్కకి బరువై నీళ్లలో మెలి తిరుగుతుంది. రెక్కని నడుమ నుంచి అంచులకి చిత్రిక పట్టాలి. అంచు 6 మి.మీ. కంటే పల్చబడితే రాయి తగలగానే చీలుతుంది. కర్రని ముందు 30 మి.మీ. చదరంగా ఉంచి, ప్రతి ముఖం మీద రెండు అంచుల నుంచీ 9 మి.మీ. దగ్గర గీతలు గీసి, మూలలు ఆ గీతల దాకా చెక్కితే ఎనిమిది ముఖాలవుతుంది. తర్వాత పదహారు, ఆపైన గుండ్రం. ఈ మెట్లు దాటేసి ఒకేసారి గుండ్రం చేద్దామనుకుంటే కర్ర వంకర పోతుంది. మెడ దగ్గర మాత్రం తొందరొద్దు. అక్కడ కర్ర ఒక్కసారిగా రెక్కలోకి దిగకూడదు, నడి వెన్ను రెక్క మీద కనీసం 6 అంగుళాలు సాగి సన్నబడాలి. చివరికి బరువు కిలోకి కాస్త తక్కువ తూగితే టేకు తెడ్డు కుదిరినట్టే.

గరుకు కాగితం పట్టాక తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. లేచిన నూగుని మళ్లీ రుద్దండి, లేకపోతే మొదటిసారి తడవగానే కర్ర గరగరలాడుతుంది. పైపూతకి బాయిల్డ్ అవిసె నూనె నాలుగు పూతలు వేయాలి. మొదటిదాంట్లో సగం టర్పెంటైన్ కలపండి. ప్రతి పూతలోనూ పైన మిగిలిన నూనెని అరగంటయ్యాక తుడిచేయాలి. మన ఊరి తేమకి ఒక్కొక్కటి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. మేస్త్రి మెరుపు కోసం మందంగా వార్నిష్ వేస్తానంటాడు, పిడి మీద మాత్రం వేయనివ్వకండి. చేతులు బొబ్బలెక్కేది దానివల్లే. నూనెకి ముందే రెక్క కొనకి ఒక అంగుళం మేర ఎపాక్సీ జిగురు పట్టించండి, నీళ్లు పీల్చేది అక్కడే.

నూనె గుడ్డలు ముద్దగా పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

వాడాక మంచినీళ్లతో కడగండి. మిగిలిన ఉప్పు గాల్లోని తేమ లాగుతూ చెక్కని ఆరనివ్వదు. గోడకి చేరేస్తే వంగిపోతుంది, పిడి పట్టి నీడలో వేలాడదీయండి.