వేషం కట్టేవేళ: డెగా పాస్టెల్ బొమ్మలు

ప్రశ్న: మా దేవరకొండ దగ్గరి పల్లెలో చిందు భాగోతం ఆడేవాళ్లు వేషం కట్టుకుంటుండగా చూసి పాస్టెల్ రంగులతో బొమ్మలు వేస్తున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా కూడా బ్యాలే నర్తకులను తెర వెనుకే ఎక్కువగా గీశాడని చదివాను. నా బొమ్మలు చూసిన ఒక పెద్దాయన, “ఆట చూపించక అలసట చూపిస్తే వాళ్లను తక్కువ చేసినట్టు కాదా?” అన్నారు. డెగా ఎందుకలా గీశాడు? పైగా నా బొమ్మల మీది రంగు పొడిగా రాలిపోతోంది, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: తక్కువ చేసినట్టు కాదమ్మా. డెగా (1834–1917) వేదిక మీది నాట్యాన్నీ గీశాడు గానీ, ఆయన చూపు మళ్లీ మళ్లీ వెళ్లి ఆగింది సాధన గదుల్లోనూ పక్క తెరల చాటునా, అంటే నాట్యం శ్రమగా కనిపించే చోట. పారిస్ ఒపేరా అనే నాటకశాలలో నాట్యం నేర్చుకునే పిల్లల్లో చాలామంది పేదిళ్ల నుంచి వచ్చినవాళ్లే. 1882 ప్రాంతంలో వేసిన ‘నిరీక్షణ’ అనే పాస్టెల్ (సుద్దరంగు) బొమ్మ చూడండి. బల్ల మీద కూర్చున్న అమ్మాయి ముందుకు వంగి చీలమండ పట్టుకుని ఉంటుంది, పక్కన నల్లబట్టల్లో ఒకామె గొడుగు మొన నేలకు ఆనించి కూర్చుంటుంది. వాళ్లు తల్లీబిడ్డలో కాదో బొమ్మ చెప్పదు. ఇద్దరూ మాట్లాడుకోరు, ముఖాలు కూడా సరిగా కనబడవు, అయినా ఆ కాలి నొప్పి మనకు తెలుస్తుంది.

కల్వకుర్తి వైపు ఒక ఊళ్లో నేను చిన్నప్పుడు చూసిన చిందు కళాకారుడు ఈ బొమ్మ చూసినప్పుడల్లా గుర్తుకొస్తాడు. సగం ముఖానికే అర్దళం రంగు పూసుకుని, అద్దం మోకాళ్ల మీద పెట్టుకుని, ఏడుస్తున్న బిడ్డను ఒక చేత్తో జోకొడుతున్నాడు. ఆ తర్వాత తెల్లవార్లూ సాగిన ఆటలో ఆయన కట్టిన వేషమేదో మరిచిపోయాను గానీ ఆ చెయ్యి మరవలేదు.

డెగా దాచని సంగతి ఇంకొకటుంది. ఒపేరాకు చందా కట్టిన ధనికులైన మగవాళ్లకు ఆ రోజుల్లో తెర వెనుకకు వెళ్లే వీలుండేది. 1876 ప్రాంతపు ‘తార’ అనే బొమ్మలో నర్తకి వెలుగులో చేతులు చాచి ఉండగా, వెనుక తెరల సందులో నల్లసూటు వేసుకున్న ఒకాయన నిలబడి ఉంటాడు, అతని ముఖాన్ని తెర కప్పేస్తుంది. అందం చూసి మురిసిపోయే కంటిని ఆ నల్లని ఆకారం ఆపుతుంది, ఆపాలి కూడా.

ఇవి అప్పటికప్పుడు చూసి గీసినట్టు ఉంటాయి గానీ, ఆయన నర్తకులను తన పనిగదికి పిలిపించుకుని, ఒకే భంగిమను పదేపదే గీసి, పలుచని కాగితం మీద ఎత్తుకుని మరో బొమ్మలో వాడుకునేవాడు. ‘తార’కైతే లోహపు పలక మీద సిరాతో గీసి కాగితం మీద అద్దిన ముద్రే ఆధారం, దాని మీద పాస్టెల్ పూశాడు. గీత, రంగు ఒకే కదలికలో పడటం ఆ సుద్దరంగులోని సుగుణం; గౌను అంచున ఎగిరే పలుచని బట్టకు అంతకన్నా తగిన సాధనం నాకు తోచదు.

ఇక రంగు రాలడం గురించి. మీరు వాడుతున్నది బడిపిల్లల నూనె పాస్టెల్ కాదు, పొడి పాస్టెల్ అయి ఉంటుంది. అందులో జిగురు చాలా తక్కువ కాబట్టి నున్నని డ్రాయింగు షీటు దాన్ని పట్టుకోదు, గరుకు కాగితం తీసుకోండి. డెగా ఒక పొర వేసి, దాని మీద ఫిక్సేటివ్ (రంగును కాగితానికి పట్టి ఉంచే ద్రవం) చల్లి, ఆరాక మరో పొర వేసేవాడు. మీరూ దూరం నుంచి పలుచగా చల్లండి, ఎక్కువైతే రంగు నల్లబడుతుంది; కాబట్టి చివరి పొర మీద చల్లకపోవడమే మేలు. పటం కట్టించేటప్పుడు అద్దం రంగుకు తగలకుండా మధ్యలో మందపాటి అట్ట అంచు పెట్టమని చెప్పండి. ఆ కళాకారులకు ఒక బొమ్మ ఇవ్వాలనుకుంటే అలా కట్టించే ఇవ్వండి. చుట్టి ఇస్తే ఇల్లు చేరేసరికి రంగంతా చెదిరిపోతుంది.