అనాటమీ కోర్సును ఎముకలతో మొదలుపెట్టకండి

సందేహం: పెళ్లయ్యాక ఈ దేశం వచ్చాను. చదివింది కామర్స్. నర్సింగ్‌లో చేరాలంటే ముందుగా అనాటమీ, ఫిజియాలజీ పూర్తి చేయాలన్నారు. పుస్తకం తెరిస్తే వెయ్యికి పైగా పేజీలు! పదో తరగతి తర్వాత నేను జీవశాస్త్రం ముట్టుకోలేదు. ఇన్ని పేర్లు ఎలా గుర్తుంటాయి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా చదవగలరమ్మా. కామర్స్ చదివినంత మాత్రాన ఈ కోర్సులో వెనకబడరు. బట్టీని నమ్ముకున్నవారే వెనకబడతారు. వారిలో ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవారూ ఉంటారు. మనం 'నిర్వచించుము', 'పటము గీసి భాగములు గుర్తించుము' అనే ప్రశ్నలకు అలవాటుపడి వచ్చినవాళ్లం. ఇక్కడి ప్రశ్నలు ఎక్కువగా 'ఫలానాది ఆగిపోతే తర్వాత ఏమవుతుంది?' అన్న ధోరణిలో ఉంటాయి. కింద ఇచ్చే నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి.

చాలామంది 206 ఎముకల పేర్లు రాసుకుని గోడకు అంటిస్తారు. అంకె కళ్లెదుట ఉంటుంది కనుక చదువు సాగుతున్నట్టు తృప్తిగా ఉంటుంది. ఎముకలు, కండరాల పేర్లను ప్రయోగశాలలో నమూనా చేత్తో పట్టుకుని రోజుకు కొన్ని చొప్పున నేర్చుకోవచ్చు, దానికి తొందరేమీ లేదు. అణువులు, నీరు, ఆమ్లాలు, కణం గురించి చెప్పే తొలి అధ్యాయాలను మాత్రం 'ఇది రసాయనశాస్త్రం కదా, మనకెందుకు' అని దాటేయకండి. నన్నడిగితే సగం కోర్సు అక్కడే ఉంది.

కణాన్ని చుట్టి ఉండే పలుచని త్వచాన్నే తీసుకోండి. అది ఫాస్ఫోలిపిడ్ అనే ఒక రకం కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చిన పొర. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాన్ని నేరుగా దాటిపోతాయి. విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్లు అలా దాటలేవు, వాటికి ప్రొటీన్ ద్వారాలు కావాలి. కణం బయట సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటే, లోపల పది పన్నెండుకు మించదు. పొటాషియం దీనికి తలకిందులు: లోపల 140 దగ్గర, బయట 4 దగ్గర. ఈ తేడా దానంతటది నిలవదు. త్వచంలోని ఒక ప్రొటీన్ పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చుపెట్టి, ప్రతిసారీ మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ దీన్ని పీత కాళ్ల నాడుల్లో గుర్తించి 1957లో ప్రకటించారు. నోబెల్ బహుమతి మాత్రం 1997లో వచ్చింది!

ఈ ఒక్క పంపును పట్టుకుంటే తర్వాతి అధ్యాయాలు ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపలి భాగం బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణావేశంతో ఎందుకుంటుంది? సోడియం ద్వారాలు తెరుచుకోగానే ఆ అయాన్లు లోపలికి ఎందుకు దూసుకుపోతాయి? రెండింటికీ మూలం ఈ తేడాయే. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టినా, మూత్రంగా బయటికి పోయేది లీటరు, రెండు లీటర్లే. మిగతాది రక్తంలోకి వెనక్కి రావడానికి ప్రధానంగా శక్తినిచ్చేది ఇదే పంపు. విరేచనాలయ్యే వ్యక్తికి నీళ్లలో ఉప్పుతో పాటు గ్లూకోజు కూడా ఎందుకు కలిపి ఇస్తారో పేగుల అధ్యాయంలో చదువుతారు. అక్కడ సోడియం, గ్లూకోజు ఒకే ద్వారం గుండా జంటగా లోపలికి వెళతాయి, వాటి వెనకే నీరూ వెళుతుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. అది బాగా పెరిగితే లోపలికీ బయటికీ ఉన్న తేడా తగ్గి గుండె లయ తప్పుతుంది. నర్సులు పొటాషియం ఇంజెక్షన్ విషయంలో అంత జాగ్రత్తగా ఉండేది అందుకే.

ఇప్పుడు పరీక్షలో అడిగే ప్రశ్న: కణజాలానికి ఆక్సిజన్ అందకపోతే కణం ఎందుకు ఉబ్బుతుంది? పుస్తకం మూసి చెప్పి చూడండి. ఆక్సిజన్ లేకపోతే, కణంలో ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియా పని ఆగుతుంది, ఏటీపీ పడిపోతుంది, పంపు మందగిస్తుంది, సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీరు చేరుతుంది. ఐదు మెట్లు. ఇంట్లో తెలుగులోనే, గట్టిగా, ఎవరికో వివరిస్తున్నట్టు చెప్పండి. 'ఆ తర్వాత ఏదో జరుగుతుంది' అని మీ నోట వచ్చిందంటే ఆ పేజీ మళ్లీ చదవాలన్నమాట.

ఎర్రరక్తకణం విషయం నాకు ఎప్పుడు చదివినా వింతే. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసే ఆ కణంలో కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేదు. మోసే సరుకులో తాను రవ్వంత కూడా వాడుకోకుండా, ఒక్కో గ్లూకోజు నుంచి వచ్చే రెండే రెండు ఏటీపీలతో సుమారు 120 రోజులు బతుకుతుంది.

ఏటీపీ లెక్క వచ్చింది కనుక ఒక మాట. ఆక్సిజన్ వాడుకునే కణంలో ఒక గ్లూకోజు నుంచి 36 లేక 38 వస్తాయని పాత పుస్తకాలు, 30 నుంచి 32 అని కొత్తవి చెబుతాయి. దీని మీద వాదనకు దిగకండి, మీ కోర్సు పుస్తకంలో ఉన్నదే రాయండి.

రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే కొలత) 7.35 నుంచి 7.45 వరకు ఉంటుందని నేర్చుకునేటప్పుడు, కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే ఆమ్లం తయారవుతుందన్నది కూడా పక్కనే రాసుకోండి. ఊపిరి బిగబడితే కాసేపటికి ఆగలేకపోయేది ముఖ్యంగా ఆ వాయువు పేరుకోవడం వల్లే, ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు. శ్వాస అధ్యాయం చాలావరకు ఇక్కడి నుంచే అల్లుకుంటుంది.

ప్రయోగశాలలో కుడి ఎడమలు చూసేవారివి కావు, ఆ శరీరానివి. మొదటి పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. అధ్యాపకులు విద్యార్థుల కోసం కేటాయించే సమయానికి వెళ్లడానికి మనవాళ్లు మొహమాటపడతారు. 'ఏమీ అర్థం కాలేదు' అని కాకుండా 'ఇక్కడిదాకా అర్థమైంది, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను' అని అడగండి, చక్కగా చెబుతారు.

చేరే ముందు రెండు సంగతులు కనుక్కోండి. కొన్ని నర్సింగ్ కళాశాలలు ఏళ్ల కిందట చేసిన సైన్సు కోర్సులను అంగీకరించవు, మీరు దరఖాస్తు చేయబోయే చోట గడువు ఎంతో అడగండి. ఆన్‌లైన్‌లో చేసిన ప్రయోగ తరగతులను ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి సెమిస్టరులో ఈ కోర్సుతో పాటు మైక్రోబయాలజీ మాత్రం పెట్టుకోవద్దు.